చలికి హీటర్ కొనేముందు: వెచ్చబడాల్సింది గదా, మనిషా?

చలి ముదిరాక హీటర్ కొందామనుకోగానే అందరూ మొదట ఆలోచించేది గది ఎంత పెద్దదని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. ఆ గదిలో ఎవరుంటారు, ఎంతసేపుంటారు, ఒకేచోట కూర్చుంటారా, పడుకుంటారా, అటూ ఇటూ తిరుగుతుంటారా అన్నది మొదటిది. ఇది తేల్చుకోకుండా కొంటే వస్తువు ఎంత మంచిదైనా బిల్లు మాత్రం భయపెడుతుంది.

ఈ సంగతి నేను డబ్బు కట్టి మరీ నేర్చుకున్నాను. మొదటి చలికాలం 2000 వాట్ల బ్లోయర్ కొని, రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపూ నడిపాను. గంటకు 2 యూనిట్లు, ఆరు గంటలకు 12, నెలకు 360. బిల్లు చూశాక కళ్లు తిరిగాయి. "బ్లోయర్లు కరెంటు తాగేస్తాయి, ఆయిల్ హీటరైతే పొదుపు" అని ఎవరో అంటే నమ్మి, మరుసటి ఏడు ఆయిల్ హీటర్ తెచ్చాను. అదీ 2000 వాట్లే. బిల్లు కూడా దాదాపు అంతే వచ్చింది. ఒకరోజు అమ్మ గదిలోకి వచ్చి కాసేపు చూసి, "అంత పెద్ద హీటర్ పెట్టుకుని కాళ్లకు మేజోళ్లు కూడా వేసుకోలేదేంట్రా" అంది. ఆ మాటతోనే నా ఆలోచన దారిలో పడింది.

కరెంటు హీటర్లు: తేడా బిల్లులో కాదు, వేడి ఎక్కడికి పోతుందన్న దాంట్లో

రాడ్ హీటర్, హాలోజన్, బ్లోయర్, సిరామిక్, ఆయిల్ హీటర్, గోడకు తగిలించే ప్యానెల్... పేర్లు ఎన్నయినా అన్నీ చేసే పని ఒకటే. కరెంటును వేడిగా మారుస్తాయి. 1 యూనిట్ కరెంటు పోస్తే 1 యూనిట్ వేడి వస్తుంది, తగ్గదు, పెరగదు. కాబట్టి డబ్బా మీద "సూపర్ సేవర్" అని రాసినా, దాని ధర మూడింతలున్నా, 1000 వాట్ల హీటర్ గంట ఆపకుండా నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. అంతకంటే తక్కువ కాలిందంటే మధ్యలో థర్మోస్టాట్ (వేడి చాలినంత కాగానే ఆపే స్విచ్) దాన్ని ఆపిందన్నమాట. ఆ థర్మోస్టాట్ చవకరకం హీటర్లలోనూ దొరుకుతుంది.

మరి తేడా ఎక్కడుంది? రాడ్ హీటర్, హాలోజన్ ఎండలాంటివి. ఎదురుగా ఉన్న మనిషిని నేరుగా తాకుతాయి, మధ్యలో ఉన్న గాలిని పెద్దగా పట్టించుకోవు. స్విచ్ వేసిన నిమిషంలో మోకాళ్లకు తెలుస్తుంది, వీపుకు మాత్రం తెలియదు. హాలు పెద్దదై, తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండి, మీరు మాత్రం ఒకే కుర్చీలో కూర్చునేటట్టయితే ఇదే నయం. 400, 800 వాట్ల దగ్గరే పని జరిగిపోతుంది. గాలిని వేడిచేసే హీటర్ అలాంటిచోట పెడితే వేడంతా తలుపులోంచి నడిచిపోతుంది.

బ్లోయర్ గాలిని వేడిచేసి విసిరేస్తుంది. చిన్న గది పది నిమిషాల్లో వెచ్చబడుతుంది, ఆపిన పది నిమిషాల్లో మళ్లీ చల్లబడుతుంది. స్నానానికి ముందో, పిల్లలకు బట్టలు మార్చేటప్పుడో వాడటానికి దీన్ని మించింది లేదు. రాత్రంతా నడపడానికి మాత్రం వద్దు. ఆ చప్పుడుకు నిద్ర పట్టదు, గాలి పొడిగా అనిపించి గొంతు ఆరిపోతుంది.

ఆయిల్ హీటర్‌లో నూనె కాలదు, తగ్గదు, మళ్లీ పొయ్యాల్సిన పనీ లేదు. లోపల తీగ ఆ నూనెను వేడిచేస్తుంది, నూనె ఇనుప రెక్కల్ని వేడిచేస్తుంది. వెచ్చబడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు తీసుకుంటుంది కానీ ఆపాక కూడా చాలాసేపు వేడి ఇస్తూనే ఉంటుంది. ఎర్రగా కాలే తీగ బయటికి కనిపించదు, చప్పుడు లేదు. తలుపులు మూసుకుని ఆరేడు గంటలు ఉండే పడకగదికి, ముఖ్యంగా పెద్దవాళ్లు, పిల్లలు పడుకునే గదికి కరెంటు హీటర్లలో నేను దీనికే ఓటేస్తాను. పదిహేను నిమిషాల పనికి దీన్ని వాడటం మాత్రం దండగ. అది వేడెక్కేలోపు మీ పని అయిపోతుంది.

ఒక అపోహ సంగతి కూడా చెప్పాలి. కరెంటు హీటర్ గదిలోని ఆక్సిజన్‌ను తినేస్తుందని చాలామంది భయం. అక్కడ ఏదీ మండటం లేదు కాబట్టి ఆక్సిజన్ ఖర్చు కాదు. గాలి వేడెక్కితే అందులోని తేమ శాతం తగ్గినట్టవుతుంది, అందుకే ముక్కు ఎండినట్టుంటుంది. భయపడాల్సింది వైర్ల గురించి. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది. ఫోన్ చార్జర్లు పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద దాన్ని పెడితే ముందు ప్లగ్గు వెచ్చబడుతుంది, తర్వాత ప్లాస్టిక్ వాసన వస్తుంది. గోడలో ఉన్న పవర్ ప్లగ్గుకే పెట్టండి. కర్టెన్లకు, పరుపుకు, సోఫాకు మీటరు దూరం ఉంచండి. పడిపోతే దానంతటదే ఆగే స్విచ్ లేని హీటర్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఒక్క మినహాయింపు: వేడి ఇచ్చే ఏసీ

పైన చెప్పిన ఒకటికి ఒకటి లెక్క ఏసీకి వర్తించదు. హాట్ అండ్ కోల్డ్ ఏసీ వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని తోడి లోపల పోస్తుంది. బయట చలిగా ఉన్నా ఆ గాలిలో తోడటానికి వేడి ఉంటుంది. ఒక మోస్తరు చలిలో 1 యూనిట్ కరెంటుకు 3, 4 యూనిట్ల వేడి వస్తుంది. గడ్డకట్టే చలిలో ఇది పడిపోతుంది, అయినా మామూలు హీటర్ కన్నా పైనే ఉంటుంది. అంటే రోజూ ఐదారు గంటలు గది మొత్తం వెచ్చగా ఉండాల్సిన ఇంట్లో నడిపే ఖర్చు మూడో వంతుకు దిగుతుంది.

అయితే ఏసీలన్నీ ఇలాంటివి కావు. చాలా ఏసీలు చల్లబరచడం మాత్రమే చేస్తాయి. రిమోట్ మీద సూర్యుడి బొమ్మ ఉంది కదా అని సంబరపడకండి, ఒకే రిమోట్‌ను అన్ని మోడళ్లకూ ఇచ్చే కంపెనీలుంటాయి. మోడల్ వివరాల్లో హీటింగ్ ఉందో లేదో చూడాలి. ఉంటే కొత్త హీటర్ కొనే పనే లేదు, ఫిల్టర్లు కడిగి వాడుకోవడమే. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి రెక్కల్ని కిందికి తిప్పండి. 20, 21 దగ్గర పెట్టండి. 28 పెడితే తొందరగా వెచ్చబడుతుందనుకోవడం భ్రమ, ఎక్కువసేపు నడుస్తుంది అంతే. బాగా చలిగా ఉన్న రాత్రి అది ఉన్నట్టుండి ఊదడం మానేసి, కొన్ని నిమిషాల తర్వాత మళ్లీ మొదలుపెడుతుంది. బయటి యూనిట్ మీద పట్టిన మంచును కరిగించుకుంటోందని అర్థం. నేనైతే చెడిపోయిందనుకుని మెకానిక్‌ను పిలిచాను. ఆయన నవ్వి టీ తాగి వెళ్లాడు.

కేవలం చలికాలం కోసం, అదీ నెలన్నర చలి కోసం, కొత్తగా ఈ ఏసీ కొనమని మాత్రం చెప్పను. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఎలాగూ వేసవికి ఏసీ కొనబోతుంటే, కాస్త ఎక్కువైనా హీటింగ్ ఉన్నది తీసుకోండి.

మనిషిని వెచ్చబెట్టేవి

కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది. రగ్గు, బొంత, స్వెటర్ చేసేది ఆ వేడిని ఆపడమే. అందుకే బయటినుంచి కొద్దిగా సాయం చేసినా ఒంటికి బాగా తెలుస్తుంది.

ఎలక్ట్రిక్ బ్లాంకెట్ చాలావరకు 60 నుంచి 150 వాట్ల మధ్య ఉంటుంది. 100 వాట్లదాన్ని ఎనిమిది గంటలు ఆపకుండా నడిపినా ఒక యూనిట్ కూడా కాదు, 0.8. నా బ్లోయర్ అంతే కరెంటును 24 నిమిషాల్లో తినేసేది. పడుకోవడానికి అరగంట ముందు వేసి, పక్క వెచ్చబడ్డాక ఆపేస్తే లెక్కలోకే రాదు. కొన్ని జాగ్రత్తలున్నాయి. మడిచి ఉండగా స్విచ్ వెయ్యకూడదు. పసిపిల్లలకు వద్దు. కాళ్లలో స్పర్శ తగ్గిన షుగర్ పేషెంట్లకు వద్దు, కాలుతున్నా వాళ్లకు తెలియదు.

ఇంకా చవకది వేడినీళ్ల బ్యాగు. లీటరున్నర నీళ్లను 20 డిగ్రీల నుంచి 80కి తేవడానికి సుమారు 0.1 యూనిట్ పడుతుంది. ఆ బ్యాగును పాదాల దగ్గర పెట్టుకుని రగ్గు కప్పుకుంటే రెండు, మూడు గంటలు హాయి. సలసల మరిగే నీళ్లు పొయ్యకూడదు, గాలి నొక్కి తీసేసి మూత బిగించాలి, మీద గుడ్డ తొడుగు ఉండాలి. రబ్బరు పాతబడితే నిద్రలో పగిలి ఒళ్లు కాలుతుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చేయడం మంచిది. చాలా బ్యాగుల మెడ దగ్గర పువ్వులాంటి గుర్తు అచ్చు వేసి ఉంటుంది. నడుమ ఉన్న అంకె తయారైన సంవత్సరం, పన్నెండు రేకులు నెలలు, వాటిలోని చుక్కలు వారాలు. మా ఇంట్లో ఉన్నది తీసి చూస్తే తొమ్మిదేళ్ల నాటిది. వెంటనే పారేశాం.

ఇవి ఎవరికి పనికిరావంటే, ఇంట్లో తిరిగి పనిచేసుకునేవాళ్లకు. ఇంకోటి, గది మరీ చల్లగా ఉన్నప్పుడు పెద్దవాళ్లకు ఇవి ఒక్కటే సరిపోవు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో, చలి ప్రాంతాల్లో ఇంటి లోపల 18 డిగ్రీలు ఉండాలని చెప్పింది. వృద్ధులకు, పిల్లలకు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాల్సి రావచ్చనీ అంది. పీల్చే గాలి చల్లగా ఉంటే రగ్గు కింద ఉన్నా ఆయాసం ఉన్నవాళ్లకు ఇబ్బందే. కాబట్టి పొదుపు పేరుతో ముసలివాళ్ల గదిలో హీటర్ ఆపకండి. మన గదిలో ఆపుకుందాం.

గ్యాసు, కిరోసిన్, కట్టెలు, బొగ్గు

ధర పోల్చడానికి ఒక చిన్న లెక్క చాలు. కిలో ఎల్‌పీజీలో దాదాపు 12.8 యూనిట్ల వేడి ఉంటుంది, లీటరు కిరోసిన్‌లో సుమారు 10, ఆరిన కట్టెలు కిలోకు సుమారు 4. మీకు అవి ఏ ధరకు దొరుకుతాయో ఆ ధరను ఈ అంకెతో భాగిస్తే యూనిట్ వేడి ఎంతకు పడుతుందో వస్తుంది. కరెంటు ధరను ఒకటితో, హీటింగ్ ఏసీ అయితే మూడుతో భాగించండి. కట్టెలకు ఇంకో మెట్టు ఉంది. తలుపున్న ఇనుప పొయ్యి అయితే వేడిలో 60 నుంచి 80 శాతం గదికి అందుతుంది. గోడలో తెరిచి ఉండే నెగడు అయితే పది, పదిహేను శాతమే, మిగతాదంతా పొగగొట్టంలోంచి ఆకాశానికి. పైగా అది గదిలోని వెచ్చటి గాలినీ లాక్కుపోతుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, కాదనను.

లెక్కలో ఇవి చవకగా తేలినా నేను వెనకాడేది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వల్ల. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు. నిద్రలో ఉన్నవాడికి ఇవేవీ తెలియవు. అన్నిటికన్నా మోసం చేసేది బొగ్గుల కుంపటి. పొగ పోయి నిప్పులు ఎర్రగా కణకణలాడుతుంటే "ఇంక పొగ లేదులే" అని పడకగదిలోకి తెస్తారు. పొగ లేకపోయినా ఆ నిప్పులు విషవాయువును వదులుతూనే ఉంటాయి. మా పెద్దమ్మ ఒక రాత్రి అలాగే తెచ్చి పెట్టుకుంది. తెల్లవారుజామున తల పగిలిపోతోందని లేచి, గోడ పట్టుకుని తలుపు దాకా నడిచి, గడప మీద కూలబడింది. ఆ తలుపు ముందే ఓరగా తీసి ఉండటం ఆమె అదృష్టం. మూసిన గదిలో కుంపటి వద్దు. దీని మీద నా దగ్గర రెండో అభిప్రాయం లేదు.

పొగగొట్టం లేని గ్యాస్, కిరోసిన్ హీటర్లకు కిటికీ కొద్దిగా తెరిచే ఉంచాలి, పడుకునేముందు ఆపాలి. తెరిచిన కిటికీలోంచి వేడి పోతుంది కాబట్టి కాగితం మీద కనిపించిన పొదుపు కొంత కరుగుతుంది. లీటరు కిరోసిన్ కాలితే లీటరుకు పైగా నీరు ఆవిరిగా గదిలోకే వస్తుంది. గోడలకు చెమ్మ, మూలల్లో బూజు అక్కడినుంచే. ఇవి వాడక తప్పని ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ముందు కొనండి, హీటర్ తర్వాత.

వేడి ఎటు పోతోందో చూస్తే

హీటర్ మీద పెట్టే డబ్బులో నాలుగో వంతు సందులు మూయడానికి పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. తలుపు 90 సెంటీమీటర్ల వెడల్పు, కింద ఒక సెంటీమీటరు సందు అనుకోండి. అది 90 చదరపు సెంటీమీటర్లు. గోడకు అరచేయి పట్టేంత కన్నం పెట్టి, పక్కన హీటర్ నడుపుతున్నట్టు. పాత తువ్వాలు చుట్టచుట్టి అక్కడ పెడితే ఖర్చు సున్నా. కిటికీ సందులు తెలియాలంటే గాలి వీచే రోజు అగరువత్తి వెలిగించి చట్రం వెంబడి నెమ్మదిగా జరపండి. పొగ ఎక్కడ అడ్డంగా ఊగితే అక్కడ నురగ టేపు అంటించాలి.

బయట 10, లోపల 20 డిగ్రీలు ఉన్న గది ఒకటి లెక్కేద్దాం. రెండు చదరపు మీటర్ల ఒంటిపొర అద్దంలోంచి ఎడతెగకుండా 110 వాట్ల చొప్పున వేడి జారిపోతుంది. బయటివైపు పది చదరపు మీటర్ల ఇటుక గోడలోంచి 200 దాకా. పై అంతస్తయి, 12 చదరపు మీటర్ల ఉత్త కాంక్రీటు స్లాబే కప్పయితే, ఒక్క కప్పులోంచే 350 వాట్ల పైన. అందరూ కిటికీ అద్దాల గురించి మాట్లాడతారు, పెద్ద దొంగ నెత్తిమీద కూర్చుని ఉంటాడు. కాబట్టి చలికి వాడే గదిని ఎంచుకునే వీలుంటే పై అంతస్తు వదిలి కింది అంతస్తులో, బయటి గోడలు తక్కువున్న గదిని తీసుకోండి. సొంత ఇల్లయితే కప్పుకు ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) వేయించడం ఖరీదైన పనే కానీ వేసవిలోనూ పనికొస్తుంది.

మందపాటి కర్టెన్ కిటికీ చట్రాన్ని రెండువైపులా దాటి, కింద నేలకో గట్టుకో తాకాలి. పగలు ఎండ పడే కిటికీల కర్టెన్లు తీసి, పొద్దు వాలగానే మూసెయ్యాలి. సందులన్నీ మూశాం కదా అని గాలి ఆడనివ్వకపోతే చెమ్మ పడుతుంది, రోజుకు రెండుసార్లు ఐదు, పది నిమిషాలు కిటికీలు బార్లా తెరిచి మూసెయ్యండి. గోడలు అంత తొందరగా చల్లబడవు.

కుర్చీనో మంచాన్నో బయటి గోడకు రెండడుగులు దూరం జరపడానికి పైసా ఖర్చు లేదు. గదిలో గాలి 20 ఉన్నా పక్కనున్న గోడ 12 ఉంటే ఒంటికి 20 కన్నా చల్లగానే అనిపిస్తుంది. మన ఒంటి వేడిని ఆ గోడ లాగేసుకుంటుంది. హీటర్ పెంచేముందు మంచం జరిపి చూడండి.

కొనకూడనివి రెండు

ప్లగ్గులో పెడితే ఇల్లంతా వెచ్చబడుతుందని ఫోన్‌లో కనిపించే బుల్లి హీటర్ 400 వాట్లది. అది ఇచ్చే వేడి కూడా 400 వాట్లే. బల్ల కింద కాళ్లకు సరే, గదికి చాలదు. రెండోది మట్టి మూకుడు కింద నాలుగు కొవ్వొత్తులు వెలిగించే చిట్కా. చిన్న కొవ్వొత్తి 30, 40 వాట్లు ఇస్తుంది, నాలుగు కలిపితే ఒక మనిషి ఒంటి వేడి కన్నా కాస్త ఎక్కువ. మూకుడు ఆ వేడిని పెంచలేదు. ఇద్దరు స్నేహితుల్ని పిలిస్తే అంతకన్నా ఎక్కువ వెచ్చబడుతుంది, మంట భయం కూడా ఉండదు.

మరి ఎవరికి ఏది?

ఒక్కరే బల్ల దగ్గర పనిచేసుకుంటుంటే 400 వాట్ల రాడ్ హీటర్, మేజోళ్లు, ఒడిలో రగ్గు. రాత్రి నిద్రకే ఇబ్బందయితే ఎలక్ట్రిక్ బ్లాంకెట్ చాలు, గదికి హీటర్ అక్కర్లేదు. పసిబిడ్డో, పెద్దవాళ్లో ఉన్న పడకగదికి థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ హీటర్, పక్కన చవకరకం థర్మామీటర్ ఒకటి. ఒంటికి చలి అనిపించడాన్ని బట్టి కాకుండా అంకె చూసి తిప్పడానికి. ఇంటిల్లిపాదీ సాయంత్రాలు ఒకే హాల్లో గడిపే ఇల్లయితే హీటింగ్ ఉన్న ఏసీ. స్నానాల గది కోసమైతే గోడకు ఎత్తుగా బిగించే, తడి తగిలే చోట్లకే తయారుచేసిన హీటర్ మాత్రమే తీసుకోండి. మామూలు బ్లోయర్‌ను తడిలోకి తీసుకెళ్లొద్దు, తలుపు బయట పెట్టి ముందే వెచ్చబెట్టుకుని ఆపేయండి.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు గోడకు బిగించేవాటి మీద డబ్బు పెట్టకండి. కర్టెన్, నురగ టేపు, బ్లాంకెట్, చక్రాలున్న ఆయిల్ హీటర్, ఇవన్నీ ఇల్లు మారేటప్పుడు మీతో వస్తాయి. టేపు రాదనుకోండి, దాన్ని పీకినప్పుడు రంగు ఊడితే ఓనర్‌కు ఏం చెప్పాలో ముందే ఆలోచించుకోండి.